మైసక్క ఇనుము ముట్టవచ్చునా

కాజీపేట,
9 సెప్టెంబర్ 1984

చిలుకక్కా,

నీ తమ్ముడు బతికే ఉన్నాడు, అంతకంటే ఎక్కువ అడగకు. సనత్‌నగర్ గూడ్స్ దిగి ఇప్పుడే క్వార్టర్‌కు వచ్చాను. నడుము నాది కానట్టుంది. నిన్న మీ రఘునాథపల్లి లూప్ లైన్లో మా బండిని పక్కకు పెట్టి, వెనక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లన్నీ దాటించారు. బ్రేక్ వ్యాన్‌లోంచి మీ ఇంటి రేకులు కనబడుతూనే ఉన్నాయి. బండి వదిలి గార్డు కదలకూడదు. వారంలో నాలుగైదు సార్లు అక్క ఊరి మీదుగా పోతాను, ఒక్కనాడు దిగి నీ చేతి చాయ్ తాగింది లేదు. ఏం నౌకరీయో ఇది!

ఎప్పటిలాగే ఈ ఉత్తరం పోతూ పోతూ మీ స్టేషన్ పాయింట్స్‌మన్ ఖాజా పాషా చేతిలో వేస్తాను. జవాబు అతనికే ఇవ్వు.

ఇక మనం ఉత్తరాల్లో ఆడే పాచికల కథాట సంగతి. కోట కింది సొరంగంలో మీ ముఠా కాపలావాళ్లను ఓడించింది. పాచిక నేనే వేశాను, మనతో ఆడే డ్రైవర్ హైదర్ భాయ్ సాక్షి. నీ మంత్రగత్తె మైసక్క నిద్రమంత్రం వేసింది, నలుగురు కూలిపోయారు. అంతవరకు శభాష్. కానీ నువ్వు పోయిన ఉత్తరంలో రాశావు చూడు, "పడిపోయినవాడి కత్తి మైసక్క తీసుకుంటుంది" అని, అది కుదరదు. మా పాత డ్రైవర్ ఆస్ట్రేలియా పోతూ రన్నింగ్ రూంలో వదిలేసిన ఈ ఆట డబ్బాలో ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది కదా, అందులో స్పష్టంగా రాశారు. మంత్రం చదివేవాళ్లు ఇనుము ముట్టకూడదు. కత్తివిద్య వేరు, మంత్రవిద్య వేరు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు రెండూ కావాలంటే ఎట్లా?

ఇంకొకటి. నిద్రమంత్రం ఒకసారి వాడితే మైసక్క దాన్ని మరిచిపోతుంది. నిండుగా నిద్రపోయి లేస్తేనే మళ్లీ గుర్తుకొస్తుంది. కాబట్టి ఇప్పుడు ఏం చేస్తుందో రాయి.

బావకూ అత్తకూ దండాలు.

నీ తమ్ముడు
ఎల్లస్వామి


రఘునాథపల్లి,
16 సెప్టెంబర్ 1984

తమ్మీ,

నువ్వు బాగున్నావనుకునే రాస్తున్నాను. బాగులేకపోతే ఇది పక్కన పెట్టి ముందు పోయి పడుకో.

నిద్రపోయి లేస్తే గుర్తుకొచ్చే విద్య అంటున్నావు. అటువంటిది ఏదైనా ఉంటే ముందు నాకు చెప్పు. పొద్దున సబ్ సెంటర్లో పిల్లలకు టీకాలు, మధ్యాహ్నం రెండూళ్లు నడిచి బాలింతలను చూడటం, ఇంటికొస్తే గేదెలు, వంట. "నర్సమ్మా" అని ఎవరో ఒకరు గడపలో నిలబడే ఉంటారు. నేను కాకపోతే మా అత్త కోసం నిలబడతారు. మా అత్త మొగిలమ్మకు తేలుమంత్రం ఉందని నీకు తెలుసు కదా. వానలు పడ్డాయి, రాళ్ల సందుల్లోంచి తేళ్లన్నీ బయటికి వచ్చాయి. ఒకే వాకిలి మాకు. ఇటు గద్దె మీద ఆమె వేపమండ, అటు గూట్లో నా సూది పెట్టె.

కత్తి సంగతి. మైసక్క ఎందుకు ముట్టకూడదు? ముడితే ఏమవుతుంది? చేతులు కాలతాయా? మంత్రం అయిపోయిన ఆడది చీకటి సొరంగంలో ఉత్త చేతులతో నిలబడాలా? నీ హైదర్ భాయ్ ఆటలో రుస్తుం అని పేరు పెట్టుకుని ముందు నడుస్తాడు సరే. అతను కిందపడితే? పుస్తకం రాసినవాడు ఎవడోగానీ, పొద్దున పాలు పితికి మధ్యాహ్నం కూలికి పోయే ఆడదాన్ని ఒక్కదాన్నీ చూసి ఉండడు.

మైసక్క కత్తి తీసుకుంది. నేను రాశాను, అయిపోయింది. నువ్వు పాచిక వేసుకో.

బావ పత్తి చేనుకు మందు కొట్టి దగ్గుతున్నాడు. పిల్లలను అడిగానని చెప్పు.

చిలుకమ్మ


డోర్నకల్ రన్నింగ్ రూం,
28 సెప్టెంబర్ 1984

అక్కా,

ఇక్కడ నల్లులు గార్డులను, డ్రైవర్లను వేరు చేసి చూడవు. అందరినీ ఒకే తీరుగా కుడతాయి. నిద్ర లేక కూర్చుని రాస్తున్నాను.

పుస్తకం మళ్లీ తిరగేశాను. ఒక మినహాయింపు ఉంది. మనుషులకు ఒక్కటే విద్య. కానీ ఎల్ఫులని అడవిజాతివాళ్లు ఉంటారు, వాళ్లకు రెండూ పట్టుబడతాయి. అయితే రెండిట్లోనూ సగం సగమే ఎదుగుతారు. ముఠాలో అందరూ పై మెట్టెక్కినా వాళ్లు కిందనే ఉంటారు. మైసక్క మనిషి. ఆటలో నియమం చెప్పేవాణ్ని నేను. కత్తి అక్కడే వదిలేసింది అని రాసుకున్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఒడ్డు చేరినట్టు ఎవరూ చెప్పలేదు.

నీ ఉత్తరమంతా చదివితే అత్త నీమీద పని పడేస్తోందని అర్థమైంది. నువ్వు నోరు తెరిచి చెప్పవు. నేనొకసారి బావతో మాట్లాడనా?

ఎల్లస్వామి


రఘునాథపల్లి,
21 అక్టోబర్ 1984

తమ్మీ,

బావతో నువ్వేమీ మాట్లాడకు. అత్త మంచిదే. నేనట్లా రాయలేదు, నువ్వట్లా చదివావు.

ఈసారి ఆట లేదు. మా వాడకట్టు యాకమ్మ బిడ్డ చనిపోయింది. ఆరేళ్ల పిల్ల. పిడకల గూటిలో చెయ్యి పెట్టింది, ఎర్ర తేలు కుట్టింది. మా వాకిట్లోకే తెచ్చారు, అత్త దగ్గరికి. అత్త వేపమండ పట్టుకుని మొదలుపెట్టింది. నేను సూది పెట్టె తెరిచాను. మీ బావకు పెదనాన్న కొడుకు రాంచందర్ ఉన్నాడు కదా, అడ్డం నిలబడ్డాడు. "మంత్రం నడుస్తాంది, ఇనుము తాకద్దు. తాకితే విషం మీదికెక్కుతది" అన్నాడు. పిల్ల తండ్రి కూడా అదే అన్నాడు. నేను అత్త ముఖం చూశాను. ఆమె కళ్లు మూసుకుని చదువుతూనే ఉంది.

నా సూదికి విషం దిగదు తమ్మీ, ఆ సంగతి నాకు తెలుసు. నొప్పి దిగుతుంది. నాడి చూసుకుంటూ వెంటనే జనగాం దవాఖానకు తోలితే బతికేవాళ్లు బతుకుతారు. ఎర్ర తేలుకు గుండె మీదికొస్తుంది, పొద్దు పోగొట్టుకోకూడదు. మేము రాత్రంతా పోగొట్టుకున్నాం. తెల్లవారినాక పిల్ల చెమటలు పట్టి నురగ కక్కితే అప్పుడు నా చేతిలో పెట్టారు. బస్సు దాకా కూడా పోలేదు.

నేను అదే వాకిట్లో ఉన్నాను. పెట్టె తెరిచే ఉంది. నాకు ఏడుపు కూడా రావడం లేదు, ఒళ్లంతా ఇసుక పోసినట్టుంది.

యాకమ్మ రోజూ మా ఇంటి ముందు నుంచే పొలం పోతుంది. తల ఎత్తదు.

అక్క


కాజీపేట,
18 నవంబర్ 1984

అక్కా,

నీ ఉత్తరం చదివి మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది, దాచుకోను.

పెద్దామె అని చూడకు. ఆ వేపమండ తీసి పొయ్యిలో పెట్టు. ఇంట్లో నర్సును పెట్టుకుని పిల్లను మంత్రానికి బలి ఇస్తారా? మన అమ్మ ఎట్లా పోయిందో మరిచిపోయావా? జ్వరంతో మూలుగుతుంటే నాయన తాయెత్తు మీద తాయెత్తు కట్టాడు. వరంగల్ పెద్ద దవాఖాన బండి దూరంలో ఉండగానే పోయింది. నువ్వు ఏడ్చి, నాయనతో కొట్లాడి నర్సు ట్రైనింగుకు పోయింది అందుకే కదా!

నువ్వు ఆపకపోతే జనగాం డాక్టరుకు నేనే రాస్తాను. ఆయన వచ్చి నాలుగు మాటలంటే అందరికీ బుద్ధొస్తుంది.

ఎల్లస్వామి


రఘునాథపల్లి,
24 ఫిబ్రవరి 1985

ఎల్లస్వామీ,

మూడు నెలలు రాయలేదంటే కోపమొచ్చే రాయలేదు. సంక్రాంతి పోయినాక డాక్టరు రానే వచ్చాడు. నా కళ్ల ముందే అత్తను "ముసల్దానా, జైల్లో ఏస్త" అన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి చేతులు కట్టుకుని నిలబడింది. నువ్వు రాయబట్టే కదా. ఖాజా పాషా నీ బండి వచ్చిందని చెప్పి పంపినా బయటికి రాలేదు నేను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాకు అడగడానికి వేరే మనిషి లేడు.

పిల్ల పోయినప్పటి నుంచి అత్త సరిగ్గా తినదు. పోయిన వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నాతోని అయితలేదు బిడ్డా. పెండ్లయి వచ్చినప్పటి సంది ఎవలు పిలిస్తే వాళ్ల ఎంబడి లేసి పోయిన. వానల పోయిన, బాలింతనై పోయిన. ఇగ ఇచ్చేస్త. నువ్వు తీసుకో" అన్నది.

ఆ మంత్రానికి కట్టుబాట్లు ఉన్నాయి. గ్రహణం పట్టినప్పుడు నీళ్లలో నిలబడి ఇవ్వాలి. ఇచ్చినవాళ్లకు ఇక అది ఉండదు. తీసుకున్నవాళ్లు పైసా ముట్టకూడదు. పిలిచినవాళ్లకు లేదనకూడదు, అది ఏ వేళ అయినా సరే. మంత్రం నడిచేటప్పుడు ఇనుము తాకకూడదు. అత్తకు కూడా ఆమె అత్త ఇచ్చిందట. నేను తీసుకోకపోతే రాంచందర్ కాచుకుని ఉన్నాడు. అతను తీసుకుంటే మనిషికో కోడిపుంజు అడుగుతాడు, నా గడప ఎవరినీ తొక్కనివ్వడు.

నాకు మంత్రం మీద నమ్మకం లేదు. కానీ నేను తీసుకుంటే తేలు కుట్టినవాళ్లు నేరుగా నా దగ్గరికి వస్తారు. వచ్చినాక సూది వెయ్యవచ్చు, బస్సెక్కించవచ్చు. ఇంకో పిల్ల పోకుండా ఉంటుంది.

ఆటలో నియమాలు చెప్పే పెద్దవు కదా, చెప్పు. సూది పట్టిన మనిషి మంత్రం పట్టవచ్చునా?

చిలుకమ్మ


కాజీపేట,
10 మార్చి 1985

అక్కా,

మన అమ్మ మీద ఒట్టు, నేను డాక్టరుకు ఒక్క ముక్క రాయలేదు. రాస్తానన్నాను, కోపం దిగాక మానుకున్నాను. ఆయన ఎవరు చెబితే వచ్చాడో నాకు తెలియదు. మూడు నెలలు ఆ నింద నా మీద పెట్టుకుని తిరిగావా? మీ లూప్ లైన్లో నిలబడి ఎన్నిసార్లు ఆ రేకుల దిక్కు చూశానో నీకేం తెలుసు!

నువ్వడిగినదానికి జవాబు: పట్టకూడదు.

ఆట కోసం చెప్పడం లేదు. రెండిట్లో సగం సగం అవుతావు. ఈరోజు నువ్వు మంత్రం పట్టుకుంటే రేపు ఊరు నీ సూదిని కూడా తాయెత్తు కింద లెక్కేస్తుంది. ప్రభుత్వ నర్సు వేపమండ ఊపుతోందని ఎవడైనా అర్జీ పెడితే నౌకరీ పోతుంది. ఆ ఇనుము కట్టుబాటు ఉండనే ఉంది, సూది ఎట్లా వేస్తావు? అమ్మ పోయిన దారిలోనే నువ్వు కూర్చుని ఊరికి దారి చూపిస్తావా? నాకు ఒప్పుదల లేదు.

నువ్వు అది తీసుకున్న రోజున మైసక్కను ఆటలోంచి తీసేస్తాను. చిన్నపిల్లవాడి మాట అనుకుంటే అనుకో.

ఎల్లస్వామి


రఘునాథపల్లి,
12 మే 1985

తమ్మీ,

తీసుకున్నాను.

పోయిన శనివారం చంద్రగ్రహణానికి. వాగులో నిలబడాలి, కానీ మే నెలలో వాగులో నీళ్లెక్కడివి? బావి కూడా అడుగంటింది. చివరికి గేదెలు తాగే తొట్టిలో అత్తా నేనూ ఎదురెదురుగా నిలబడ్డాం. మీ బావ తొట్టి అంచు పట్టుకుని, మేమెక్కడ జారి పడతామోనని "జర పైలం, జర పైలం" అంటూనే ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. అత్త మాత్రం నవ్వలేదు. చెప్పడం అయిపోగానే నా భుజం పట్టుకుని దిగింది. పోయి పడుకుంది. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె అట్లా పడుకోవడం చూడలేదు.

అందులో ఏ మాటలున్నాయో చెప్పకూడదు. పెద్దగా ఏమీ లేదు. దానికి ముందు చేసేది చెబితే దోషం లేదు. కుట్టినవాళ్ల పేరడగాలి, వాళ్ల తల్లి పేరడగాలి, కూర్చోబెట్టి భయపడకు అనాలి. ట్రైనింగులో మాకూ ఇదే చెప్పారు.

ఇప్పుడు నువ్వు సంతోషపడే సంగతి రాస్తున్నాను. నువ్వన్నట్టే అయింది. తేలు కుట్టినవాళ్లు నేరుగా నా దగ్గరికే వస్తున్నారు. కానీ సూది తియ్యబోతే చెయ్యి వెనక్కి లాక్కుంటున్నారు. "మంత్రం నీదగ్గర్నే ఉన్నది కదా నర్సమ్మా, ఇనుమెందుకు మళ్ల" అంటున్నారు. ఇంతకు ముందు నా సూది పెట్టె అడ్డుకోవడానికి రాంచందర్ కావాలి. ఇప్పుడు నేను పట్టుకున్న వేపమండే అడ్డుకుంటోంది. ఇప్పటిదాకా వచ్చినవన్నీ నల్ల తేళ్లు, మంత్రం వేసినా వెయ్యకపోయినా తగ్గేవి. వానలు పడతాయి. ఎర్ర తేలు వస్తుంది. ఆ రోజు ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

మైసక్కను తీసేశావా? తీసేస్తే చెప్పు. ఒక దాని ఫికర్ అయినా తగ్గుతుంది.

అక్క


కాజీపేట,
9 జూన్ 1985

అక్కా,

నీ ఉత్తరం మొన్ననే అందింది. ఖాజా పాషా బిడ్డ పెళ్లికి సెలవు పెట్టి పోతూ దాన్ని లాంపుల గదిలో పెట్టాడట, బదిలీ మీద వచ్చినవాడికి చెప్పలేదు. కిరోసిన్ వాసన వేస్తోంది. నువ్వు రాయలేదని నేను, నేను రాయలేదని నువ్వు. మన బతుకే లూప్ లైన్లో పెట్టినట్టుంది.

మైసక్కను తీసెయ్యలేదు. చెయ్యి రాలేదు. సొరంగంలో ఒక మూల కూర్చోబెట్టి మిగతావాళ్లను ఆడిస్తున్నాను. హైదర్ భాయ్‌కి నీ సంగతంతా చెప్పాను. అతను, "దవా భీ, దువా భీ. మందూ కావాలె, మొక్కూ కావాలె. మా అమ్మీ బేగం బీ నాకు గోలీ మింగిచ్చి మీదికెల్లి దువా ఊదేది. నేను దేనితోని బతికిన్నో ఆమె అడగలే, నువ్వెందుకు అడుగుతానవ్ గార్డ్ సాబ్" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నియమం నియమమే అన్నాను. మంత్రం చదివేవాళ్లు ఇనుము ముట్టకూడదని పుస్తకంలో రాసి ఉంది. ఎందుకు ముట్టకూడదో ఎక్కడా రాయలేదు, వెతికాను. అయినా రాసి ఉంది కదా.

నీకు చెప్పిందే నిజమైందని సంతోషిస్తానా? నేనంత పాపాత్ముణ్నా? ఒళ్లు జాగ్రత్త అక్కా.

ఎల్లస్వామి


రఘునాథపల్లి,
1 జూలై 1985

తమ్మీ,

కాలి వాపు తగ్గిందని ఖాజా పాషా చెప్పాడు. రైల్వే దవాఖానలో మంచం మీద పడుకుని ఇది చదువు. నీకు సగం తెలియదు, ఆ పూట నువ్వు మా లోకంలో లేవు.

బోగీ ఇరుసు వేడెక్కిందని లూప్ లైన్లో దిగావట. కంకర మీద నడుస్తూ బూటు విప్పి రాయి దులుపుకున్నావట. రైల్వేలో ఇన్నేళ్లు చేసి వానాకాలంలో కంకర మీద ఉత్త కాలు పెడతారా ఎవరైనా? హైదర్ భాయ్, ఖాజా పాషా స్టేషన్ బెంచీ మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. చచ్చిన తేలును కూడా తుండుగుడ్డలో కట్టుకొచ్చారు. ఎర్రది.

నువ్వేమన్నావో గుర్తుందా? "సూది వద్దక్కా, మంత్రమెయ్యి. జల్ది మంత్రమెయ్యి. నా పిల్లలు చిన్నోళ్లు" అని ఏడ్చావు. వాకిలి నిండా జనం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నియమాలు చెప్పే మా గార్డు దొర పడ్డాడు. కాదనకు, హైదర్ భాయ్‌ని అడుగు.

నేను నీ పేరడిగాను. అమ్మ పేరడిగాను. నువ్వు "కట్టమ్మ" అన్నావు. ఆ పేరు నీ నోట్లోంచి రాగానే నా చేతులు ఆగిపోయాయి. తరువాత వేపమండ ఎడమ చేతిలోకి మార్చుకుని, పెదాలతో మంత్రం చదువుతూనే పెట్టె తెరిచాను. రాంచందర్ కేక వేశాడు, "తమ్ముడని ఇనుము తాకిస్తానవా? సచ్చిపోతడు!" జనమంతా గొణిగారు. ఆ జనంలో యాకమ్మ ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని నా సూదినే చూస్తోంది. సూదిలోకి మందెక్కించి నేనూ ఆమెనే చూశాను తమ్మీ.

అప్పుడు గద్దె మీద నుంచి అత్త లేచింది. ఆమె దగ్గర ఇప్పుడు మంత్రం లేదు, లేవనక్కరలేదు. వచ్చి నా పక్కన నిలబడింది.

"వెయ్యి బిడ్డా. ఇనుము వద్దన్నది మా అత్త. ఆ రోజుల్ల తేలు కుడితే కొడవలితోని కోసేటోళ్లు, కాల్చిన సలాకతోని వాత పెట్టేటోళ్లు. తేలుకు సచ్చినోళ్లకన్న కోతకు సచ్చినోళ్లే ఎక్కువ. అందుకని ఇనుము తాకద్దన్నది. సూది సంగతి ఆమెకేం ఎరుక? సూదిని చూసిందా, పెట్టిందా?"

నేను సూది వేశాను. అప్పుడు యాకమ్మ అడిగింది, మెల్లగా. "మరి నా బిడ్డప్పుడు గీ ముచ్చట ఎందుకు చెప్పలే అవ్వా?"

అత్త యాకమ్మ దిక్కు తిరిగింది. "ఎవలు అడగలే బిడ్డా. చదువుకుంట చదువుకుంట నేనూ మర్సిపోయిన" అన్నది.

నేనూ అడగలేదు. ఒకే ఇంట్లో ఉన్నాను, ఇనుము ఎందుకు తాకకూడదత్తా అని ఒక్కనాడు అడగలేదు. మూఢనమ్మకం అని ముఖం తిప్పుకున్నాను. నువ్వు మీ పుస్తకాన్ని నమ్మి అడగలేదు, నేను అత్తను నమ్మక అడగలేదు.

యాకమ్మ తిట్టలేదు. వచ్చి నీ కాలు పట్టుకుని కూర్చుంది, కదలకుండా. జనగాం దాకా కిరాయి జీపులో అట్లాగే పట్టుకుని వచ్చింది. నువ్వు నొప్పికి ఆమెను తన్నావు కూడా.

అప్పటి నుంచి ఊరు మారింది. తేలు కుడితే సూది, మంత్రం రెండూ అడుగుతున్నారు, చెప్పగానే జీపెక్కుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. తేలే కాదు, జెర్రి కుట్టినా, ముల్లు విరిగినా, పీడకల వచ్చినా నన్నే లేపుతున్నారు. లేదనకూడదు, అది కట్టుబాటు. పగలు నర్సును, పొద్దుగూకితే మంత్రగత్తెను. నిలబడి అన్నం తింటూ కునికిపాట్లు పడుతున్నాను. అత్త యాభై ఏళ్లు ఇట్లా ఎట్లా ఉందో! అందరూ బతుకుతున్నారు తమ్మీ, నేనే ఏమైపోతున్నానో తెలియడం లేదు.

మైసక్కను ఇక తీసెయ్యి. కత్తీ వద్దు, మంత్రమూ వద్దు. ఆమె అలిసిపోయింది.

అక్క


కాజీపేట రైల్వే దవాఖాన,
9 జూలై 1985

అక్కా,

మంత్రమెయ్యమని నేను అనలేదు. అని ఉంటే జ్వరంలో అని ఉంటాను. హైదర్ భాయ్ సాక్ష్యం చెల్లదు, అతను ప్రతి మంచం దగ్గరికి పోయి నా ఏడుపు ఎట్లా ఉందో చేసి చూపిస్తున్నాడు. సరే, అన్నాను. ఆ నొప్పికి ఇంకోడైతే రైలింజన్‌కైనా మొక్కేవాడు.

నీ చెయ్యి నుదుటి మీద ఉన్నట్టు మాత్రం గుర్తుంది. అమ్మ పేరడిగినప్పుడు అమ్మే అడిగిందనుకున్నాను.

యాకమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. నేనే వచ్చి పెడతాను.

హైదర్ భాయ్ రన్నింగ్ రూం నుంచి ఆట డబ్బా తెచ్చి మంచం మీద పెట్టాడు. పుస్తకం తెరిచి ఆ నియమం మీద పెన్సిలుతో అడ్డగీత కొట్టాను. మైసక్క ఇనుము ముట్టవచ్చు. మనిషే, ఎల్ఫు కాదు, అయినా ముట్టవచ్చు. ఎదుగుదల సగమే అన్న మాట కూడా కొట్టేద్దామనుకున్నాను. నీ ఉత్తరం చదివాక కొట్టెయ్యలేకపోయాను. అది నిజమే అక్కా. రెండు పనులు మోసేవాళ్లకు రెండింతల బరువు ఉంటుంది, రాత్రి మాత్రం ఒక్కటే ఉంటుంది.

కానీ ఆమెను తీసెయ్యను. అలిసిపోతే ఏం చెయ్యాలో మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. నిద్రపోవాలి. నిద్రపోయి లేస్తే అన్నీ గుర్తుకొస్తాయి. పుస్తకంలో నాకు పూర్తిగా నమ్మకమున్న మాట ఇప్పుడు అదొక్కటే.

నాకు నెల రోజులు సిక్ లీవు ఇచ్చారు. శనివారం ప్యాసింజర్‌కు వస్తున్నాను. పోయినసారి బెంచీ మీద దింపారు, ఈసారి నా కాళ్ల మీద నేను దిగుతాను. నీ చేతి చాయ్ వద్దు, నేనే పెడతాను. మీ గడపలో మంచం వేసుకుని కూర్చుంటాను. ఎవరినీ లేదనను, కట్టుబాటు తప్పను. వచ్చినవాళ్ల పేరడుగుతాను, తల్లి పేరడుగుతాను, కూర్చోబెట్టి భయపడకు అంటాను. అంతవరకు నాకూ వచ్చు, నాకు చేసినప్పుడు నేర్చుకున్నాను. తేలు అంటే, చెమటలంటే, అప్పుడే నిన్ను లేపుతాను. ముల్లయితే ముల్లు నేను తీస్తాను. పీడకల అయితే నా కథ చెబుతాను, నవ్వుకుంటూ పోతారు. అత్త కూడా పక్కన కూర్చుంటుందేమో అడుగు. మంత్రం లేకపోయినా ఆమెకు మనుషులు తెలుసు.

ఆటలో కూడా ఇదే రాశాను. సొరంగం నోటి దగ్గర రుస్తుం కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. లోపల మైసక్క గొంగడి కప్పుకుని పడుకుంది. తల దగ్గర కత్తి ఉంది, అది ఆమెదే. ఆమె తనంతట తాను లేచేదాకా నేను పాచిక వెయ్యను.

నీ తమ్ముడు
ఎల్లస్వామి